ఆ రెండు చుక్కలను నెలసరిగా లెక్క రాయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పత్రికల ఆరోగ్యం పేజీల్లోనూ, దవాఖాన గోడల మీదా ఒకే మాట కనిపిస్తుంది: 'నెల తప్పితే పరీక్ష చేయించుకోండి.' మంచి మాటే. కానీ నెల తప్పలేదని అనుకుంటున్న ఆడవాళ్ళకు అది అక్కరకు రాదు. డేట్ రావాల్సిన రోజునో, దానికి రెండు మూడు రోజుల ముందో బట్టకు చిన్న మరక కనబడుతుంది. 'డేట్ వచ్చింది' అనుకుంటారు. ఒకటిన్నర రోజుకే ఆగిపోతుంది. 'ఈసారి కొంచమే అయింది, వేడి చేసినట్టుంది' అని ఇంట్లో పెద్దవాళ్ళు సబ్జా నీళ్ళో మజ్జిగో తాగిస్తారు. అయిదో రోజు తలస్నానంతో ఆ నెల లెక్క అయిపోతుంది. అప్పటికే కడుపు నిలిచి ఉండొచ్చన్న ఆలోచన ఎవరికీ రాదు. వరంగల్, హన్మకొండ ప్రసూతి విభాగాల్లో పనిచేసే నర్సులుగా మేం ఈ ఉత్తరం రాస్తున్నది ఆ ఒక్క పొరపాటు గురించే.

అండం విడుదలయ్యాక 6 నుంచి 12 రోజుల మధ్య, ఎక్కువమందిలో 8 నుంచి 10 రోజుల మధ్య, పిండం గర్భసంచి లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ రోజుల్లో కొందరికి కొద్దిగా రక్తం కనిపిస్తుంది. అందరికీ కాదు. 28 రోజులకోసారి డేట్ వచ్చేవాళ్ళలో ఇది ఎక్కువగా నెలసరి రావాల్సిన రోజుకు ముందు వారంలోనే పడుతుంది. చిక్కంతా అక్కడే. పది రోజుల ముందు వచ్చే మరక అయితే ఎవరికైనా అనుమానం వస్తుంది, సరైన సమయానికి వచ్చిన మరకను ఎవరు అనుమానిస్తారు?

తేడా ప్యాడ్ మీద చూడాలి. నెలసరి అయితే మొదటి రోజు సాయంత్రానికో రెండో రోజుకో పెరుగుతుంది. ప్యాడ్ మధ్యలో తడిసి అంచులకు పాకుతుంది, నాలుగైదు గంటలకు మార్చక తప్పదు. రంగు నిండు ఎరుపు, కొందరికి చిన్న చిన్న గడ్డలు కూడా పడతాయి. కడుపు నిలిచే రోజుల్లో కనిపించే మరక అట్లా పెరగదు. రూపాయి బిళ్ళంత లేత గులాబీ మరకో, ఇటుక పొడి రంగు గీతో ఉంటుంది. మూత్రానికి వెళ్ళి తుడుచుకున్నప్పుడు కనబడి, తర్వాత గంటల తరబడి ఏమీ ఉండదు. పొద్దున పెట్టుకున్న ప్యాడ్ రాత్రికి తీసినా మరక పైపైనే ఉంటుంది తప్ప లోపలి దూది తడవదు. గడ్డలు పడవు. కొన్ని గంటలు, లేదా ఒకటి రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు. పొత్తికడుపులో సన్నగా లాగినట్టు ఉండొచ్చు కానీ, వంగి కూర్చోవాల్సినంత నొప్పి ఉండదు.

రొమ్ముల్లో సలుపు, నీరసం, నడుము లాగడం, చిరాకు మాత్రం లెక్కలోకి తీసుకోకండి. డేట్ వచ్చే ముందూ అవే ఉంటాయి, కడుపు నిలిచినప్పుడూ అవే ఉంటాయి. రంగును కూడా పూర్తిగా నమ్మకూడదు. గోధుమ రంగు అంటే రక్తం బయటికి రావడానికి సమయం తీసుకుందని మాత్రమే అర్థం, నెలసరి చివరి రోజున కూడా అదే రంగు కనబడుతుంది. మరి దేన్ని నమ్మాలి? మీ నెలసరి మీకు ఎట్లా వస్తుందో దాన్ని. మామూలుగా రెండు నుంచి ఏడు రోజులు, మొత్తం మీద 20 నుంచి 80 మిల్లీలీటర్ల రక్తం పోవడం సహజం. ప్రతి నెలా నాలుగు రోజులు, పది పన్నెండు ప్యాడ్లు పట్టే మనిషికి ఒక నెల ఒకే ప్యాడ్‌తో సరిపోయిందంటే, అది ఆమె నెలసరి కాదని ముందుగా అనుకోవాలి. ఎప్పుడూ రెండు రోజులే, తక్కువగానే అయ్యేవాళ్ళకు చూపుతో తేల్చడం కుదరదు. వాళ్ళు అనుమానం ఉన్న ప్రతిసారీ పరీక్ష చేసుకోవడమే దారి.

ఆ పరీక్ష కష్టమేమీ కాదు. మెడికల్ షాపులో కొనొచ్చు. ఆశా వర్కర్ దగ్గర 'నిశ్చయ్' కిట్ డబ్బులు లేకుండా దొరుకుతుంది. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని సబ్బు, సర్ఫ్ అంటని పొడి గిన్నెలో పట్టాలి. కిట్ కవరు అప్పుడే చింపాలి, ముందు రోజు చింపి పెట్టుకోవద్దు. కార్డును చదునైన చోట పెట్టి, దాంతో వచ్చిన డ్రాపర్‌తో గుంతలో రెండు మూడు చుక్కలు, అంటే కవరు మీద ఎన్ని రాసి ఉంటే అన్నే వేయాలి. గడియారం చూసి అయిదు నిమిషాలు ఆగాలి. 'సి' దగ్గర ఒక్క గీత వస్తే లేదని, 'సి', 'టి' రెండు చోట్లా వస్తే ఉందని. 'టి' గీత ఎంత లేతగా ఉన్నా, సమయంలోపు రంగుతో వచ్చిందంటే ఉన్నట్టే. 'సి' దగ్గర గీతే రాకపోతే ఆ కిట్ పనిచేయలేదు, ఇంకొకటి వాడాలి.

ఎక్కువమంది తప్పు చేసేది పరీక్ష చేసే రోజు విషయంలో. మరక పడిన రోజే చేసి, ఒక్క గీత వచ్చిందని ఊరుకుంటారు. మూత్రంలో ఈ కిట్ పట్టుకునే హెచ్‌సీజీ అనే హార్మోన్, పిండం గర్భసంచికి అంటుకున్నాకే తయారవడం మొదలవుతుంది. తర్వాత సుమారు రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది. మామూలు కిట్లు మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్ల దగ్గర గుర్తిస్తాయి. కాబట్టి మరక కనిపించిన రోజున 'లేదు' అని రావడంలో వింత ఏమీ లేదు, దాంతో ఏమీ తేలినట్టూ కాదు. డేట్ రావాల్సిన రోజు దాటాక చేయండి. లేదని వచ్చినా నిండు నెలసరి రాకపోతే మూడు రోజులాగి ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి చేయండి. పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) ఉండి డేట్ ఎప్పుడొస్తుందో తెలియనివాళ్ళు భార్యాభర్తలు చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకొని చేస్తే ఫలితాన్ని నమ్మొచ్చు.

ఇంకొన్ని చిన్న విషయాలు పరీక్షను పాడుచేస్తాయి. రాత్రంతా నీళ్ళు ఎక్కువ తాగితే మూత్రం పలచబడి గీత రాకపోవచ్చు. పదిహేను నిమిషాల తర్వాత, లేదా చెత్తబుట్టలోంచి తీసి మళ్ళీ చూసినప్పుడు కనబడే బూడిదరంగు గీత ఆరిపోయిన మూత్రపు చార, దాన్ని లెక్క చేయొద్దు. కిట్లను 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలని కవర్ల మీదే రాసి ఉంటుంది. మే నెలలో వరంగల్ ఎండలో స్కూటీ డిక్కీలో రోజంతా ఉన్న కిట్ సరిగ్గా పనిచేస్తుందన్న హామీ లేదు. పిల్లల కోసం చికిత్స తీసుకుంటూ హెచ్‌సీజీ ఇంజక్షన్ వేయించుకున్నవాళ్ళకు దాదాపు రెండు వారాల దాకా ఉత్తిగానే రెండు గీతలు రావచ్చు. ఈ మధ్యే కడుపు పోయినవాళ్ళకు కూడా కొన్ని వారాలు అట్లాగే వస్తుంది. ఇట్లాంటివాళ్ళకు రక్తంలో బీటా హెచ్‌సీజీ పరీక్ష 48 గంటల తేడాతో రెండుసార్లు చేసి, అంకె పెరుగుతోందా తగ్గుతోందా చూస్తారు.

ఇదంతా అంత ముఖ్యమా, ఎట్లాగూ వచ్చే నెల తెలుస్తుంది కదా అనిపించొచ్చు. ఒక లెక్క చూడండి. ఒకామెకు జూన్ 1న డేట్ వచ్చింది, 28 రోజుల నెలసరి. జూన్ 26న మరక కనబడింది, రెండు రోజులు ఉండి పోయింది. అదే పీరియడ్ అనుకుంది. మూడో నెలలో దవాఖానకు వెళ్తే నర్సు అడిగేది ఆఖరి డేట్ ఎప్పుడని. ఆమె జూన్ 26 అని చెప్తుంది, కార్డులో అదే రాస్తారు. ఆఖరి డేట్‌కు 9 నెలల 7 రోజులు కలపడం పద్ధతి. జూన్ 1 నుంచి లెక్కిస్తే కాన్పు మార్చి 8. జూన్ 26 నుంచి లెక్కిస్తే ఏప్రిల్ 2. అంటే 25 రోజుల తేడా. బిడ్డ మెడ వెనక నీటి పొరను కొలిచే ఎన్‌టీ స్కాన్ 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే చేయాలి. కార్డు ప్రకారం 12 వారాలని వెళ్ళేసరికి ఆమెకు నిజంగా 15 వారాల 4 రోజులు, ఆ స్కాన్ సమయం దాటిపోయింది. బిడ్డ అవయవాలన్నీ చూడడానికి 18, 20 వారాల మధ్య చేసే టిఫా స్కాన్ 22, 23 వారాలకు పడుతుంది. బిడ్డలో పెద్ద లోపం బయటపడి కడుపు తీయించుకోవాల్సి వస్తే, చట్టం ప్రకారం 24 వారాలు దాటాక మెడికల్ బోర్డు అనుమతి కావాలి, ఆ గడువు అప్పటికి దగ్గరపడి ఉంటుంది. ఇక చివర్లో, ఏప్రిల్ 2 ఇంకా రాలేదు కదా అని ఇంట్లో కూర్చుంటే అప్పటికి ఆమెకు 43 వారాలు దాటుతాయి. కాన్పు తేదీ అంత దాటితే ఉమ్మనీరు తగ్గుతుంది, మాయ పని తగ్గుతుంది, బిడ్డకు ముప్పు పెరుగుతుంది.

మొదటి మూడు నెలల్లో స్కాన్ చేస్తే బిడ్డ పొడవు కొలిచి ఈ తప్పును సరిదిద్దుతారు. అందుకే మొదటి స్కాన్‌ను అయిదో నెల దాకా వాయిదా వేయొద్దని పదే పదే చెప్తాం. నెలలు గడిచినకొద్దీ స్కాన్ చెప్పే తేదీలో తేడా పెరుగుతుంది, అప్పుడు సరిదిద్దడం కష్టం.

మన దగ్గర చాలామంది ఆడవాళ్ళు డేట్‌ను పండుగతో గుర్తుపెట్టుకుంటారు. 'ఎంగిలిపూల తెల్లారి', 'సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు', 'బోనాలప్పుడు' అని చెప్తారు. మంచి పద్ధతే, నర్సులకు క్యాలెండర్ తిరగేస్తే తేదీ దొరుకుతుంది. దానికి ఒక్కటి కలపండి. గోడ మీది క్యాలెండర్‌లో నిండుగా అయిన రోజుకు సున్న చుట్టండి. చుక్కలుగా మాత్రమే కనబడిన రోజుకు చుక్క పెట్టండి. దవాఖానలో ఆ కాగితమే చూపించండి. సున్నలు లేకుండా చుక్కలే ఉన్న నెల కనబడితే, నర్సైనా డాక్టరైనా దాని ముందు నెల తేదీని కూడా అడుగుతారు. అడగకపోతే మీరే చెప్పండి.

చుక్కలు పడ్డ ప్రతిసారీ కడుపేనని కూడా కాదు. కడుపు రాకుండా ప్రభుత్వ దవాఖానల్లో మూడు నెలలకోసారి వేసే 'అంతర' ఇంజక్షన్‌తో మొదటి నెలల్లో అడపాదడపా మరకలు మామూలే. కడుపు రాకుండా వేసుకునే 'ఛాయా' మాత్రలతో నెలసరి ఆలస్యం కావచ్చు, 15 రోజులు దాటితే మాత్రం కిట్ పరీక్ష చేయాలి. కాపర్ టీ వేయించుకున్న మొదటి నెలల్లోనూ, భార్యాభర్తలు కలిశాక కడుపు రాకుండా వేసుకునే 72 గంటల మాత్ర వాడిన నెలలోనూ లెక్క తప్పుతుంది. నెల మధ్యలో అండం విడుదలయ్యే రోజున ఒక చుక్క కనబడేవాళ్ళూ ఉంటారు. గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండు, ఇన్ఫెక్షన్, పాలిప్ (చిన్న కండ) ఉంటే భర్తతో కలిసిన తర్వాత మరక పడుతుంది. అది ఏ నెల అయినా చూపించుకోవాల్సిందే.

మేడారం జాతరకో, ఇంట్లో పెళ్ళికో డేట్ వెనక్కి జరుపుకొనే మాత్రల గురించి విడిగా చెప్పాలి. నార్‌ఇథిస్టిరోన్ 5 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు మూడు, డేట్‌కు మూడు రోజుల ముందు నుంచి డాక్టరు చెప్తే వాడతారు. ఆపిన రెండు మూడు రోజులకు డేట్ వస్తుంది. షాపులో అడిగి తెచ్చుకొని వేసుకునేవాళ్ళు ఎక్కువ. కడుపు నిలిచిందో లేదో చూసుకోకుండా మొదలుపెడితే, ఆపాక రాని నెలసరి 'మాత్రల వల్ల లేటు' ఖాతాలోకి పోతుంది. మధ్యలో పడ్డ మరకా అదే ఖాతాలోకి పోతుంది. ఆపాక వారం దాటినా డేట్ రాకపోతే కిట్ తీయండి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయం. నూటికి ఒకటి రెండు కడుపులు గర్భసంచిలో కాకుండా బయట, దాదాపు ఎప్పుడూ ట్యూబులోనే నిలుస్తాయి. అప్పుడూ చుక్కలు చుక్కలుగానే పడుతుంది, ముదురు గోధుమ రంగులో, నేరేడు పండు పిండిన నీళ్ళలాగా. దాన్ని ఆలస్యంగా వచ్చిన నెలసరి అనుకొని వదిలేస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ట్యూబు పగిలితే కడుపులోపలే రక్తం కారుతుంది. బయట ప్యాడ్ మీద కొంచమే ఉంటుంది. ప్యాడ్ చూసి ధైర్యం తెచ్చుకోకండి. ఒకవైపు పొత్తికడుపులో పొడిచినట్టు నొప్పి, కళ్ళు తిరగడం, చెమటలు, భుజం కొనలో నొప్పి దీని గుర్తులు. భుజానికీ కడుపుకీ సంబంధమేంటని అనుకుంటారు. కడుపులో చేరిన రక్తం ఊపిరితిత్తుల కింది పొరను తాకితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. దీన్ని గ్యాస్ నొప్పి అనుకొని ఊళ్ళో గ్యాస్ ఇంజక్షన్ వేయించుకుంటే విలువైన గంటలు పోతాయి.

ఇందులో మన జిల్లాల్లో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సినవాళ్ళు, పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళు. ఆపరేషన్ తర్వాత కడుపు రావడం చాలా అరుదు, కానీ వచ్చిన ఆ కొద్దిమందిలో ట్యూబులో నిలిచేది మామూలుకన్నా చాలా ఎక్కువ. 'ఆపరేషన్ అయింది, ఇంక కడుపెట్లొస్తది' అని వాళ్ళు కిట్ పరీక్ష ఆలోచనే చేయరు, డాక్టరు అడిగినా వద్దంటారు. ఆపరేషన్ అయి పదేళ్ళయినా, నెల తప్పి లేదా తేడాగా చుక్కలు పడి, కడుపులో నొప్పి ఉంటే మొదట కిట్ పరీక్ష చేయాలి. ముందు ఒకసారి ట్యూబులో కడుపు వచ్చినవాళ్ళు, కాపర్ టీ ఉండగా కడుపు నిలిచినవాళ్ళు, పొత్తికడుపులో ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళు కూడా ఇంతే జాగ్రత్తగా ఉండాలి.

అందుకే, స్కాన్ లేకుండా షాపులో అబార్షన్ కిట్ కొని వేసుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ అయిదు మాత్రలు గర్భసంచిలో ఉన్న కడుపు మీదే పనిచేస్తాయి. ట్యూబులో ఉంటే గర్భసంచి పొర మాత్రం రాలి నెలసరిలాగా రక్తం పోతుంది, 'అయిపోయింది' అనుకుంటారు, ట్యూబులో పిండం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

కడుపు ఉందని తెలిసిన తర్వాత మరక పడితే వెంటనే అంతా అయిపోయిందని ఏడవాల్సిన పని లేదు. మొదటి మూడు నెలల్లో ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి ఎంతో కొంత రక్తం కనబడుతుంది, వాళ్ళలో చాలామందికి కడుపు నిలుస్తుంది. స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనబడితే ధైర్యం ఇంకా పెరుగుతుంది. అయిదు వారాలకు పిండం తిత్తి, ఆరు వారాలకు గుండె కొట్టుకోవడం యోనిలోంచి చేసే లోపలి స్కాన్‌లో కనబడతాయి. ఆ లోపలి స్కాన్ వల్ల కడుపు పోతుందన్న భయం వద్దు, పోదు. మరీ ముందు వెళ్తే ఖాళీ తిత్తే కనబడొచ్చు. తిత్తి 25 మిల్లీమీటర్లు ఉన్నా లోపల పిండం లేకపోతేనో, పిండం 7 మిల్లీమీటర్లు ఉన్నా గుండె కొట్టుకోకపోతేనో నిలవలేదని చెప్తారు. అంతకన్నా చిన్నగా ఉంటే వారం పది రోజులాగి ఇంకో స్కాన్ చేయకుండా కడిగించుకోవడానికి ఒప్పుకోకండి.

మంచం దిగకుండా పడుకుంటే కడుపు నిలుస్తుందన్నదానికి ఆధారం లేదు. బరువులు ఎత్తకుండా, రక్తం ఆగే దాకా భర్తకు దూరంగా ఉంటే చాలు. ముందు కడుపు పోయిన చరిత్ర ఉండి ఇప్పుడు రక్తం కనబడితే ప్రొజెస్టిరాన్ (కడుపు నిలవడానికి తోడ్పడే హార్మోన్) మాత్రలు ఉపయోగపడొచ్చు, డాక్టరు చూసి రాస్తారు. అందరికీ అవి అవసరం లేదు. ఇంకో మాట ఇంటివాళ్ళకు: మొదటి మూడు నెలల్లో పోయే కడుపుల్లో సగానికి పైగా క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. బొప్పాయి ముక్క తిన్నందుకో, బస్సెక్కినందుకో, నీళ్ళు మోసినందుకో కాదు. కడుపు పోయిన ఆడపిల్లను ఆ మాటలతో కుళ్ళబొడవకండి. ఆమె ఆ మాటలకు భయపడే మరక కనబడినా చెప్పకుండా దాస్తుంది.

ఎప్పుడు పరుగెత్తాలో చెప్పి ముగిస్తాం. గంటకు రెండు ప్యాడ్లు నిండుతూ రెండు గంటలు అట్లాగే ఉంటే, పెద్ద గడ్డలు పడితే, ఒకవైపు నొప్పి ఆగకపోతే, కళ్ళు తిరిగినా భుజం నొప్పి వచ్చినా, జ్వరంతో వాసన వచ్చే రక్తం పోతే తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. వరంగల్‌లో సీకేఎం దవాఖాన, హన్మకొండలో ప్రభుత్వ ప్రసూతి దవాఖాన ఉన్నాయి. ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట వైపు ఊళ్ళవాళ్ళకు వరంగల్ చేరడానికే గంటలు పడుతుంది, కాబట్టి వాళ్ళు అనుమానం రాగానే బయల్దేరాలి, నొప్పి పెరిగే దాకా చూడొద్దు. ఆపరేషన్ అవసరం పడొచ్చు కనుక దారిలో ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు. క్యాలెండర్ కాగితం, కిట్ కార్డు, పాత స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు కాగితం వెంట తీసుకెళ్ళండి. గ్రూపు నెగెటివ్ అయితే చేరగానే ఆ సంగతి చెప్పండి, తర్వాతి కడుపులకు ముప్పు రాకుండా వేసే యాంటీ డి ఇంజక్షన్ కావాలో లేదో డాక్టరు చూస్తారు. రక్తంతో పాటు మాంసం ముక్కలాంటిది ఏదైనా పడితే పారేయకుండా మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో వేసి తెచ్చి చూపించండి. మార్చిన ప్యాడ్లు ఎన్నో, ఏ సమయానికి మార్చారో వెంట వచ్చేవాళ్ళు ఒక కాగితం మీద రాసుకుంటే, డ్యూటీలో ఉన్న డాక్టరుకు అడగాల్సిన పని సగం తగ్గుతుంది.

ఇట్లు,
ప్రసూతి విభాగం నర్సులు కొందరు,
హన్మకొండ